అయిదున్నరకు మాఱిన వారము

కార్తికమాసపు వేకువను గౌతమీప్రవాహముపై మంచుతెర దట్టముగా బఱచుకొని యావలియొడ్డును మ్రింగివైచి రైలువంతెన కమానులను నిరాధారముగా గాలిలో నిలిపియుండ, అరటిదొప్పలయందు వెలిగించి విడువబడిన దీపములు నీటివాలున నొకదాని నొకటి తఱుముకొనుచు దూరమున మిణుకుమిణుకుమని మాయమగుచుండ, తడికొంగులు పిండుకొనుచు మెట్లెక్కు నిల్లాండ్ర గాజుల సవ్వడియు చలికి వణకుచునే చలి యెక్కడనని బింకములు పలుకు పురుషుల మాటలును గొడుగుల క్రింద వరుసగా గూర్చున్న పురోహితుల సంకల్పఘోషయు నేకమై రాజమహేంద్రవరపు స్నానఘట్టము నంతటిని నింపివైచెను. స్నానమునకు వచ్చినవా రెందఱో లెక్కింప నెవ్వరికిని దీరిక లేకుండెను.

లోకుల గడియారమునకు నాడు సోమవారము. పంచాంగగణనమునకు మాత్రము సూర్యబింబము పొడచూపువఱకు నది యాదివారమే. దేశమును గాలమును దిథిని వారమును బేర్కొని నేనీ పుణ్యకార్యము చేయుచున్నానని చెప్పుకొను ప్రతిజ్ఞయే సంకల్పము గావున వారము తప్పిన సంకల్పము చిరునామా తప్పిన జాబు వంటిది. అట్టి వేళ సూర్యోదయమునకు బూర్వమే యొక గొడుగు క్రింది పురోహితుడు భానువాసరే యని యాదివారమును బలుకుచుండ నతని ప్రక్క గొడుగువాడు ఇందువాసరే యని సోమవారమును బలికెను. ఇరువురి చేతులలోను సెల్‌ఫోనులే. ఇరువురును జూచి చదువుచున్నది యొక్కటే వెబ్ పుట. ఆ పుట శీర్షమున నున్నదియు నొక్కటే పేరు, చామర్తి యజ్ఞనారాయణ సిద్ధాంతి.

మునిగి లేచిన గృహస్థు డొకడు చెవులలోని నీరు దులుపుకొనుచు, "ఏమండీ, పక్కపక్క గొడుగుల కింద ఆదివారమూ సోమవారమూ వేరుకాపురాలు పెట్టాయా?" యని యడిగెను. చుట్టునున్నవారు పకపక నవ్విరి. ఆ నవ్వు మొలలోతు నీటిలో జపము చేయుచున్న సిద్ధాంతిగారి చెవిని బడెను. ఆయన కన్నులు తెఱచి తూర్పు వైపు చూచెను. సూర్యుడు లేడు. గట్టెక్కి తన ఫోను తీసి చూచెను. అందు సోమవారము నిక్షేపముగా గూర్చుండియుండెను. నిలువునా నీరు కాఱుచున్న యా పెద్దమనిషి ముఖము సిగ్గుచే వెలవెలబోయెను.

చామర్తివారు తరతరములుగా బంచాంగకర్తలు. వారి గణితమున విఘడియ తప్పినదని యెవ్వరును వ్రేలెత్తి చూపి యెఱుగరు. అయినను జనులు గోడకు వ్రేలాడు పంచాంగమును విడిచి చేతిలోని ఫోనునే సమస్తమునకు నమ్ముకొన్న యీ కాలమున అచ్చు పుస్తకములు కట్టలు కట్టలుగా నింటనే మిగిలిపోవుచుండ, సిద్ధాంతిగారి యేకైకపుత్రిక వాగ్దేవి తానే యా గణితమును వెబ్‌నందు నిలిపెదనని పూనుకొనెను. ఆమె మహిళా కళాశాలలో గణితోపన్యాసకురాలు. వెబ్ నిర్మాణ మామెకు గ్రొత్త. ఇల్లు కట్టువానికి స్తంభములు దూలములు ద్వారబంధములు ముందే సిద్ధము చేసి యందించునట్టి ఫ్రేమ్‌వర్క్ అను సాధనసామగ్రి యొకటి కలదని విని దాని పాఠగ్రంథము దెఱచి, తొలి యధ్యాయములు రెండుమూడు చదివి, తక్కిన దానికి వెబ్‌లో దొరకిన యుదాహరణలను తెచ్చి యతికి చకచక పని కానిచ్చెను. పప్పు వేగుట తెలియకయే పులిహోర కలుపబూనిన కోడలి తొందర యది. కాని పుట చూడ ముచ్చటగా నుండెను.

ఆ పుటను సిద్ధాంతిగారు పరీక్షించిన తీరే వేఱు. ఆయన కొక్కటే పట్టు. దినము మాఱవలసినది సూర్యోదయమునకు గాని దొంగలు తిరుగు నర్ధరాత్రమునకు గాదు. జ్యేష్ఠమాసమున నొక ప్రాతఃకాలమున స్నానానుష్ఠానములు ముగించి ఫోనునకు గూడ నొక పూవు పెట్టి డాబాపై తూర్పుముఖముగా గూర్చుండెను. గోదావరిపై నెఱ్ఱని యంచు పొడమినది. పుటలో వారము మాఱినది. ఆయన యానందమునకు మేర లేకపోయెను. మఱునాడును జూచెను. మఱుసటి వారమును జూచెను. సూర్యుడును బుటయు జోడెద్దులవలె గలిసి నడిచిరి. నాటినుండి యెవ్వ రెదురైనను మా యమ్మాయి యంత్రమునకు నాచారము నేర్పినదని చెప్పుకొని మురిసిపోవుచుండెను. ఆ మాట నమ్మియే రేవు పురోహితులందఱును గార్తికమాసమున కా పుటనే ప్రమాణముగా స్వీకరించిరి.

ఇప్పుడు వారి పెద్దయైన యీశ్వర ఘనపాఠిగారు సిద్ధాంతిగారి చెంతకు వచ్చి పరుషముగా నొక్క మాటయు ననక, వచ్చు సోమవారము నాటి కిది చక్కబడనిచో దాము వేఱొక పంచాంగము చూచుకొనవలసి వచ్చునని విన్నవించి నమస్కరించి పోయెను. ఆ నమస్కారము తిట్టుకంటె నెక్కువగా గ్రుచ్చుకొనెను.

ఇంటికి వచ్చి సిద్ధాంతిగారు తడిబట్టలు మార్చుకొనకయే కుమార్తెను బిలిచెను. జరిగినది చెప్పెను. పిదప మెల్లగా, "వచ్చే సోమవారానికి సరికాకపోతే ఆ పుట మీంచి నా పేరు తీసెయ్యమ్మా. తప్పు లెక్క కింద చామర్తివారి పేరు ఉండకూడదు" అనెను.

తండ్రి కేకలు వేసియున్నచో వాగ్దేవి యంతగా బాధపడకపోవును. తన చేతిమీదుగా నాయన పేరు చెఱిపివేయు గడియ వచ్చునని యామె కలనైనను దలపలేదు. తలయూపి లోనికి బోయి కంప్యూటరు తెఱచెను.

మొదట నామె యనుమానము సూర్యోదయగణితముపై బడెను. తండ్రి చేతిలెక్కతో సరిపోల్చి చూచెను. రెండును గలిసెను. పిదప ఫోనుల ననుమానించెను. ఏ ఫోను చూచినను నొక్కటే తీరు. తుదకు ఫ్రేమ్‌వర్క్ పాతబడినదేమోయని దానిని గ్రొత్త కూర్పునకు మార్చగా నున్నది కాస్త యూడి పుట యంతయు దెల్లగా సున్నము గొట్టిన గోడవలె మిగిలెను. దానితోపాటు తెఱపై నెఱ్ఱని యక్షరములు బారులు తీఱి ప్రత్యక్షమయ్యెను. పూర్వ మట్టి యక్షరములను జూచినంతనే యుదాహరణల కొఱకు బరుగులు పెట్టెడి వాగ్దేవి యీ మాఱు పరుగెత్తుటకు దావు లేక కుదురుగా గూర్చుండి వానిని జదివెను. చదువగా దెలిసినదేమన నవి తిట్లు గావు. ఏ ఫైలులో నే పంక్తియొద్ద దన కేమి కావలసియుండి దొరకలేదో యా యంత్రము పాపము దీనముగా మొఱపెట్టుకొనుచున్నది. అడిగినది యడిగినట్లు సమకూర్చగా దెల్లనిపుట తొలగి పంచాంగము మరల బ్రత్యక్షమయ్యెను. ఆమెకు గొండంత ధైర్యము వచ్చెను.

కాని యసలు దోషమట్లే యుండెను. దాని కెఱ్ఱని యక్షరము లేదు. యంత్రము దృష్టిలో నంతయు సవ్యమే.

అంతట వాగ్దేవి చేయవలసిన పని చేసెను. పాఠగ్రంథమును మొదటి పుటనుండి మరల బట్టెను. కళాశాలనుండి వచ్చిన సాయంకాలములం దామె చదువుచు నర్థము చెప్పుచుండ సిద్ధాంతిగారు ప్రక్కన బీటపై గూర్చుండి వినుచుండెను. ఆయనకు గంప్యూటరు తెలియదు గాని శాస్త్రము చదువు పద్ధతి తెలియును. కుమార్తె యొక యధ్యాయమును దాటవేయబోగా నడ్డుపడి, సూత్రము విడిచి యుదాహరణము పట్టుకొనుటవలననే గదా యింత దూరము వచ్చితిమని చుఱక యంటించి మరల జదివించెను. వాగ్దేవి మూతి ముడుచుకొనియు జదివెను.

అట్లు కాలమును గూర్చిన యధ్యాయము వచ్చెను. అందొక చిన్న వాక్యము. వేఱుగా నాజ్ఞాపింపనంతకాలము ఫ్రేమ్‌వర్క్ తన దినమును గ్రీనిచ్ కాలము ననుసరించి లెక్కించునని దాని భావము. వాగ్దేవి చదివి యాగెను. సిద్ధాంతిగారు కన్నులు మూసికొని యుండియే యక్కడ నర్ధరాత్రమైనప్పు డిచ్చట నెంతయని యడిగెను. అయిదున్నరయని యామె చెప్పెను. జ్యేష్ఠమున మన యూర సూర్యోదయ మెంతకని యాయన మరల నడిగెను. ఆ మాట నోట నుండగానే యిరువురకు నొక్కమాఱే వెలిగెను. అదియు నయిదున్నరయే.

సిద్ధాంతిగారు కన్నులు తెఱచెను. "మనం పరీక్షించింది యంత్రాన్ని కాదమ్మా. జ్యేష్ఠమాసాన్ని."

వాగ్దేవికి నవ్వాగలేదు. తండ్రికిని నవ్వు వచ్చెను. వంటయింటినుండి తల్లి వచ్చి యేమైనదని యడుగగా జెప్పలేక యిరువురును గన్నీళ్లు తుడుచుకొనిరి. తాము చేతులెత్తి మ్రొక్కిన యాచార మింగ్లండుసీమలోని గడియారపు టర్ధరాత్రము. ఆమె యెంతో శ్రమించి వ్రాసిన సూర్యోదయగణితము పుటపై వేళను జూపుటకు మాత్రమే పనికివచ్చుచు దినము మార్చు పనిలో వ్రేలైనను బెట్టియుండలేదు. జ్యేష్ఠమున సూర్యుడు గ్రీనిచ్ గడియారమునకు దైవికముగా దోడువచ్చెను. కార్తికమున నాలస్యముగా లేచి దాని గుట్టు బయటపెట్టెను. రేవున నయిదున్నరకు ముందు పుట తెఱచిన పురోహితునకు నాదివారమును దరువాత దెఱచినవానికి సోమవారమును దోచుట కింతే కారణము.

దోషము తెలియుట వేఱు, దిద్దుట వేఱు. ఫ్రేమ్‌వర్క్‌నకు భారతదేశకాలము నాజ్ఞాపింపగా దినము నడిరేయి మాఱజొచ్చెను. అది చూచి సిద్ధాంతిగారు చెవులు మూసికొనిరి. అప్పుడు వాగ్దేవి దినము మార్చు పనిని ఫ్రేమ్‌వర్క్ చేతినుండి లాగికొని, ఇప్పటి వేళ నేటి సూర్యోదయమునకు ముందైనచో నిన్నటి దినమునే చూపుమని తన గణితమునకు నేరుగా నప్పగించెను. అంతటితో దృప్తిపడక, గడియారమును గోరిన క్షణమున నిలిపి పుటను బరీక్షించు నుపాయమొకటి యదే పాఠగ్రంథమున గనుగొని దానిని నేర్చుకొనెను. ఇక సూర్యుని కొఱకు డాబాపై గాచుకొననక్కఱ లేదు. ఏ మాసమున నే యుదయమునైనను గూర్చున్నచోటనే రప్పింపవచ్చును.

ఈ మాట విన్న సిద్ధాంతిగారి ముఖమున మఱల వెలుగు వచ్చెను. పరీక్షకు దినముల నేరుకొను పని యాయనదే యయ్యెను. దీర్ఘతమమైన పగలును హ్రస్వతమమైన పగలును నేరెను. సూర్యోదయమునకు నిమిషము ముందును నిమిషము పిదపను నిలిపి చూపుమనెను. శిష్యుని ప్రశ్నలతో దిప్పలు పెట్టు పరీక్షాధికారివలె వెదకి వెదకి, నెల మొదటి తేదీని సూర్యోదయమునకు ముందేమి చూపునని యడిగెను. చూపవలసినది వెనుకటి నెల చివరి తేది. చూపినది సున్న తేది. వాగ్దేవి తేదీనుండి యొకటి తీసివేసి చేతులు దులుపుకొనియుండెను. ఆమె నాలుక కఱచుకొని, తేదీలను గూర్చి తీసివేయుటకు ఫ్రేమ్‌వర్క్‌లోనే యున్న సాధనమును దెచ్చి యా పంక్తిని దిరుగవ్రాసెను. మరల బరీక్షలన్నియు నడిపించెను. తెఱపై నొకదాని వెంట నొకటి పచ్చని గుర్తులు మొలచుచు వచ్చినవి. ఎఱ్ఱన మఱి లేదు. గణితము నేర్చి పట్టాలు పొందినప్పుడును లేని సంతోష మామె కప్పుడు కలిగెను. ఇది పోగులు చేసి యతికినది గాదు. అణువణువు తన కెఱుకయైనది.

సోమవారము వచ్చెను. సముద్రమున వాయుగుండము పట్టియుండుటచే నాడు మంచునకు మాఱుగా నల్లని మబ్బు కోటగోడవలె తూర్పున నిలిచియుండెను. రేవునందు జనులు క్రిక్కిఱిసిరి. సంకల్పములు వరుసగా భానువాసరే యనియే నడచుచుండెను గాని యందఱి చూపులును దూర్పువైపే. సూర్యుడు లేచినాడో లేదో చెప్పగల యాకాశము కాదది. ఘనపాఠిగారు నీటియంచున నిలిచి సిద్ధాంతిగారి వంక జూచి, ఏమి సెలవని వినయముగా నడిగెను.

ఆయన చేతికి గడియార మున్నది. నాటి సూర్యోదయ మాయనకు గంఠస్థము. పుట్టి బుద్ధెఱిగినది మొదలు తన కంట జూచియో తన నోట లెక్కించియో కాని సూర్యున కర్ఘ్య మిచ్చి యెఱుగడు. మెట్టుపై ఫోనుతో నిలిచియున్న వాగ్దేవి తండ్రి గడియారము చూచుకొనుననుకొనెను. ఆయన దానివంకనైన జూడక వెనుదిరిగి రేవంతయు వినునట్లు కుమార్తె నడిగెను.

"అమ్మా, ఉదయించాడా?"

పుటలో వారము మాఱెను. ఆమె తలయెత్తెను.

"ఉదయించాడు, నాన్నగారూ."

సిద్ధాంతిగారు మొలలోతునకు దిగి దోసిటినిండ గోదావరి నెత్తి యా నల్లని మబ్బున కెదురుగా విడిచెను. ఘనపాఠిగారు దోసిలి యెత్తిరి. గొడుగుల క్రిందివారందఱు ఫోనులు ప్రక్కన బెట్టి నీటిలో దిగిరి. ఆ మీద రేవు పొడుగునను వందలకొలది చేతులు లేచినవి. నాడు మధ్యాహ్నము వఱకు మబ్బు విడలేదు. రాజమహేంద్రవరమున నా యుదయము సూర్యుని జూచినవా డొక్కడును లేడు, ఆ రేవున నర్ఘ్య మీయనివాడును లేడు.