పరికిణీ కింద చారల లాగు

అరచేతికి మించని నలుపు తెలుపు ఛాయాచిత్రాన్ని నేను. పెద్దాపురంలోని ఒక స్టూడియోలో, ఎర్రదీపం వెలుతురులో, మందునీళ్ల పళ్లెంలో కన్ను తెరిచాను. నాలో ఇద్దరున్నారు. జరీ అంచు చీరలో నిలబడిన ఒక యువతి, ఆమె పక్కన ఎత్తుపీట మీద పూలజడతో, పట్టు పరికిణీతో కూర్చున్న ఒక పసిబిడ్డ. వారెవరో నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. ముఖాన్ని నిలుపుకోవడానికి మనుషులు ఎంతో శ్రమపడతారు గాని, పేరు మాత్రం అందరికీ ఎప్పటికీ గుర్తుంటుందని నమ్ముతారు. నా వెనుక ఎవరూ ఏమీ రాయలేదు.

జ్ఞాపకం నిలవని వయసులోనే తల్లిని కోల్పోయిన సుభద్రమ్మకు, తండ్రి పోయిన తరువాత, ఆయన ట్రంకుపెట్టె అడుగున నేను దొరికాను. నాలోని యువతిలో తల్లి చెల్లెలైన పిన్ని పోలికలు ఆమెకు కనబడకపోలేదు. కాని పిన్నికి ఉన్నది ఒక్కడే కొడుకు. పీట మీద ఉన్నది ఆడపిల్ల. కాబట్టి వీరు తన తల్లీ, తానూ అని ఆమె తేల్చుకున్నది. నిజం తెలియకపోతే నేనూ ఆ తర్కాన్ని అంగీకరించేదాన్నే. నాటినుంచి ప్రతి ఉదయం రేకు భరిణెలోంచి నన్ను తీసి చూసుకునేది. ఆ చూపు నాది కాదు. పరాయి సొమ్ము తింటున్నట్టు ముడుచుకుపోయేదాన్ని.

ఈ ఏడు నన్ను పెద్దది చేయించి, పటం కట్టించి, తల్లి పేరు రాయించి గోడకు తగిలించాలని ఆమె నిశ్చయించడంతో నా భయానికి అంతు లేకపోయింది. మనవరాలు హేమ వస్త్రాల చరిత్ర చదివినది. బట్టలనుబట్టి నా కాలం తేలుస్తానని భూతద్దం తెచ్చింది. చూడవచ్చిన పిన్ని కొడుకు దక్షిణామూర్తి ఎదురుగా కాఫీ తాగుతున్నాడు.

"చీర ఉప్పాడది అమ్మమ్మా. బుట్టచేతుల రవిక అంటే నీ చిన్నప్పటిదే," అన్నది హేమ.

సుభద్రమ్మ ముఖం విప్పారింది. భూతద్దం పీట వైపు జరిగింది. జరగకుండా ఉంటే బాగుండునని నేనెంత కోరుకున్నానో!

"ఇదేంటి? మోకాలి దగ్గర పరికిణీ పైకి లేచింది. కింద చారల లాగు! బొత్తాం కూడా ఉంది. లాగులేసుకునేదానివా ఏంటి అమ్మమ్మా?"

"నోర్ముయ్యవే. మా నాయనమ్మ కాళ్లు విరగ్గొట్టేది."

దక్షిణామూర్తి కాఫీ గ్లాసు కింద పెట్టి, చాలాసేపు నన్ను చూశాడు. తిరుపతి మొక్కుకు పెంచిన జుట్టు తీయించే ముందు, మగపిల్లవాడికి జడవేసి, ఆడపిల్లలా అలంకరించి ఫోటో తీయించడం ఆ రోజుల్లో తల్లుల ముచ్చట.

"అక్కా, అది నేనే."

"ఏడిశావ్! బట్టతల వెధవా, నీకు పూలజడా?"

"గుండుకి ముందు తీయించిందంట. నేను ఏడ్చి లాగు విప్పనివ్వలేదంట. అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. ఓ ఫోటో పెదనాన్నగారికి కూడా పంపిందంట."

హేమ నవ్వబోయి ఆగిపోయింది.

"అయితే ఈవిడ..."

"మా అమ్మ."

సుభద్రమ్మ నన్ను బోర్లా పెట్టింది. చింపితే చింపనీ అనుకున్నాను. ఇన్నేళ్ల చూపులను ఎలా తిరిగి ఇవ్వగలను?

చివరకు ఆమే అడిగింది. "మీ ఇంట్లో ఆడపిల్ల లేదుగా. పరికిణీ ఎవరిదిరా?"

"నీదేనక్కా. పెద్దమ్మ నీకు చేత్తో కుట్టిందంట. అమ్మ అడిగి తెచ్చిందంట."

ఆమె నన్ను వెల్లకిలా తిప్పి, మొట్టమొదటిసారి తానే భూతద్దం పట్టుకున్నది. ఆ యువతి ముఖాన్ని దాటి, పరికిణీ అంచు దగ్గర ఆగింది.

"ఒకదాని మీద ఒకటి ఈ గీతలేంటే?"

"మడత కుట్లు. పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కోటి విప్పి పొడుగు చేసుకోవడానికి."

సుభద్రమ్మ ఆ గీతలను గోటితో తడుముతూ పోయింది.

"ఇన్నా? నేనెంత పొడుగవుతాననుకుందో పిచ్చిది!"

గీతలను మళ్లీ మొదటినుంచి తడిమింది. కొంతసేపటికి నన్ను హేమ చేతికిచ్చింది.

"పటం కట్టించు. మొహాలు ఎలా వచ్చినా పర్లేదు. కుట్లు మటుకు కనపడాలి."

ఇప్పుడు నేను గోడ మీద ఉన్నాను. వచ్చినవారు పటంలో ఉన్నదెవరని అడుగుతారు.

"పిన్నీ, మా మూర్తిగాడూ," అంటుంది ఆమె. తరువాత వారిని దగ్గరకు పిలిచి, పరికిణీ అంచు చూపిస్తుంది. "ఇదిగో, మా అమ్మ."