సరిహద్దు గీతలో మెలిక

రాజధానిలో తొమ్మిది జిల్లాలను పదకొండు చేస్తున్నారు. సర్వే ఆఫీసులో ఆ పటం గీసే పని నక్షా గుమస్తాది. ఇరవై ఆరేళ్ళుగా ఆ పనిలో ఉన్నవాడు. గీత కాస్త వంకరపోయినా ఆయనకు కంట్లో నలుసు పడ్డట్టే ఉంటుంది.

తుది ప్రతి చేతికొచ్చిన రోజు అలాంటి నలుసే పడింది. నాలుగు, ఐదు జిల్లాల మధ్య గీత కాలువ రోడ్డు వెంబడి ముక్కుసూటిగా పోయి, ఒక్కచోట మాత్రం మెలిక తిరిగింది. ఇరవై రెండిళ్ళున్న ఓ సందును ఐదో జిల్లా నుంచి లాక్కుని నాలుగులో కలిపేసుకుంది. అది ఆయన గీసింది కాదు. పక్కనే ఆఫీసు పెద్దమేడం పొడి సంతకం ఉంది.

"ఇదెందుకు మారిందండీ?" అని వెళ్ళి అడిగాడు.

"అవసరమై మార్చాను. మీరు సిరా పట్టించండి," అందావిడ తలెత్తకుండా.

ఆ తలెత్తకపోవడమే ఆయన్ని తొలిచేసింది. పైగా ఆ సందులోనే కాపురముండే బావమరిది కిందటి వారం ఆఫీసు మెట్ల మీద ఎదురుపడి, చూడనట్టు జారుకున్నాడు. ఇంటికెళ్ళి భార్య దగ్గర కూపీ లాగాడు.

"మీ తమ్ముడికి మా ఆఫీసులో ఏం పనే?"

"నాకేం తెలుసు? ఇవాళ వాణ్ణి అనుమానించారు, రేపు నన్నంటారు!"

మర్నాడు పొద్దున్నే, మేడం లంచం తిని గీత మార్చిందంటూ విచారణ విభాగానికి పేరు లేని ఫిర్యాదు రాసి పోస్టులో పడేశాడు. ఇంకేదైనా ఆధారం దొరక్కపోతుందా అని అటునుంచటే సందుకు వెళ్ళాడు.

సందు వెనక, ఐదో జిల్లా వైపంతా రెండు నిలువుల గోడ. బయటికి దారి కాలువ రోడ్డు మీదికే. బావమరిది గుమ్మంలోనే కనిపించాడు.

"చూశావా బావా? ఐదులో వేస్తే ఫైరింజన్ ఊరంతా చుట్టి రావాలి. అందరం కలిసి అర్జీ పెట్టాం. మీ మేడం వచ్చి సందంతా నడిచి చూసింది."

"మరి నాతో అనలేదేం?"

"నీ చేత పైరవీ చేయించానంటారని."

మూడో రోజు గుమస్తా విచారణాధికారి ముందు నిలబడ్డాడు.

"ఆ ఉత్తరం రాసింది నేనేనండి. పొరబడ్డాను. వెనక్కిచ్చేయండి."

అధికారి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "మొన్న రాశారు, ఇవాళ వద్దంటున్నారు. మధ్యలో ఎవర్ని కలిశారు?"

"మా బావమరిదిని."

"ఆయనుండేదెక్కడ?"

"ఆ సందులోనేనండి."

అధికారి కలం చకచకా పరుగెత్తింది.

విచారణ మూడు నెలలు సాగింది. చివరికి అధికారే వెళ్ళి గోడ చూసి, గీతను అలాగే ఉంచమన్నాడు. మేడం గుమస్తాను పల్లెత్తు మాట అనలేదు. కాని అప్పటినుంచి ఆయన గీసిన ప్రతి పటాన్నీ ఇంకొకరి చేత సరిచూపించేది. ఎందుకని ఆయన అడగలేదు.