పిచ్చుక కాలికి ఒక రోజు

ఒక సందేహం నన్ను చాలా ఏళ్లు పట్టుకుని వదల్లేదు. రోజూ చేసే ప్రార్థన ఒక పూట మానేస్తే దేవుడు దాన్ని మరపు అనుకుంటాడా, అలసట అనుకుంటాడా? మా అమ్మ జ్వరంలో కూడా మంచం మీద లేచి కూర్చుని చేతులు జోడించేది. "మనం ఒకరోజు ఆగితే ఆయనా ఒకరోజు ఆగుతాడు" అనేది. నేను ఆ మాట నమ్మాను. పరుగు మొదలుపెట్టాక దానికీ అదే నియమం పెట్టుకున్నాను.

పరుగు నేను వెతుక్కున్నది కాదు, మా ఆడపడుచు అంటగట్టింది. మావారి చెల్లెలు. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా ఉండేది కాదని ఇంట్లో అందరూ పిచ్చుక అనేవారు. పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా ఆ పేరే మిగిలింది. ఒకే మేడలో మేము కింద, వాళ్లు పైన. వీధి చివర ఆమెకు ఇస్త్రీ దుకాణం ఉండేది. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి కోట్లు మూటలుగా వచ్చి మడతలుగా వెళ్లేవి.

"వదినా, నీ నడుము చుట్టూ టైరు మొలుస్తోంది. రేపట్నుంచి నాతో రా" అంది ఒకరోజు.

"గాలొస్తే ఎగిరిపోయేట్టున్నావు, నీకెందుకే పరుగు?"

"ఎగిరిపోకుండా పట్టుకోడానికే నువ్వు!"

మా రెండు వంటగదుల గుండా ఒకే నీళ్ల పైపు పోయేది. ముందు లేచినవాళ్లు గరిటెతో దాని మీద కొట్టాలి. అవతలివాళ్లు తిరిగి కొడితే వస్తున్నట్టు. కొట్టకపోతే ఈరోజుకి సెలవు. అదీ మా ఒప్పందం. అన్నేళ్లలో తిరుగు చప్పుడు రాని తెల్లవారుజాము ఒక్కటి కూడా లేదు. మావారు దుప్పటి తల మీదికి లాక్కుని, "పరుగు పిచ్చి మీకు, తలపోటు ఆ పైపుకి" అని గొణిగేవారు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ వీధులే కళ్ల ముందుకొస్తాయి. బేకరీ కిటికీలోంచి వెచ్చటి వాసన. డిపోలో బస్సులు ఒక్కొక్కటే గొంతు సవరించుకునేవి. వంతెన ఎక్కేటప్పుడు ఇద్దరికీ మాట ఆగిపోయి ఊపిరి మాత్రమే వినబడేది. దిగేటప్పుడు మళ్లీ మొదలు. పిల్లల చదువులు, అత్తగారి కీళ్లనొప్పులు, ఎవరి మొగుడు ఎక్కువ గురక పెడతాడు అన్నీ అక్కడే తేలేవి.

మా ఊళ్లో ఏటా ఒక మారథాన్ జరిగేది. ఒక ఏడు పిచ్చుక దానికి పేరు ఇచ్చింది. నేను సగం దూరం పరుగుకే ఇచ్చాను. వంతెన దిగుతూ ఒకరోజు నెమ్మదిగా అంది: "నా పెళ్లి ఫొటోలో కూడా నా ముందు ఎవరో ఒకరు అడ్డమే వదినా. ఒక్కసారి నా అంతట నేను ఒక గీత దాటాలనుంది." ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి ఆ మాట నవ్వకుండా అంది.

పోటీ ఇంకో నెల ఉందనగా ఆమె గోడ పట్టుకుని మెట్లు దిగడం చూశాను. "ఏంటది?" అంటే, "గోడ పడిపోకుండా పట్టుకున్నాలే" అంది. చెయ్యి పట్టుకుని వీధవతలి ఫిజియోథెరపిస్టు దగ్గరికి లాక్కెళ్లాను. ఆవిడ పిచ్చుక కుడి మోకాలి కింద ఎముకను వేలితో నొక్కింది. పిచ్చుక కెవ్వుమంది.

"వారంలో కాలికి సెలవెప్పుడు?" అని అడిగింది ఆవిడ.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"సెలవే లేదా? బాగుందమ్మా! పరుగులో అరిగింది విశ్రాంతిలో పూడుతుంది. పూడనివ్వకుండా మళ్లీ అరగదీస్తే ఎలా? పరుగు ఆపండి. వచ్చేవారానికి నొప్పి తగ్గకపోతే పోటీ ఆశ వదులుకోండి."

తిరిగొస్తూ పిచ్చుక, "నిజం చెప్పనా వదినా? ఎన్నోసార్లు లేవబుద్ధి కాలేదు. నీది నియమం కదా, నేను పలక్కపోతే నీ నియమం చెడుతుందని కొట్టేదాన్ని" అంది.

"ఓసి పిచ్చిదానా! మోకాళ్లు పీకేస్తున్నా నేను లేచింది నువ్వు ఎదురుచూస్తుంటావనే!"

నడివీధిలో దీపస్తంభం పట్టుకుని నవ్వాం. నవ్వీ నవ్వీ ఆమె కళ్లు తుడుచుకుంది. అవి నవ్విన నీళ్లేనో కాదో అడగలేదు.

మర్నాటి నుంచి పైపు మూగబోయింది. ప్రార్థనలో కూర్చుంటే మనసంతా పైఅంతస్తులోనే ఉండేది. వారం గడవవచ్చినా నొప్పి అలాగే ఉంది.

"ఆపినా తగ్గలేదు. వారం కాగానే మళ్లీ వెళ్తాను. ఎలాగూ పోయే కాలు, పరుగెత్తి పోగొట్టుకుంటా" అంది పిచ్చుక.

చెప్పింది చెప్పినట్టు చేశాం, అయినా ఎందుకు తగ్గదు? దేవుణ్ణే అడిగాను. మర్నాడు మధ్యాహ్నం ఆమె కూతురు కాలేజీ నుంచి రాలేదని భోజనం క్యారియరు నేనే పట్టుకెళ్లాను.

గుమ్మంలోనే ఆగిపోయాను. పిచ్చుక ఆవిరి యంత్రం ముందు నిలబడి ఉంది. దుప్పటి పరుస్తుంది, కుడికాలితో తొక్కుడుపలకను అదిమి పడుతుంది, ఆవిరి బుస్సుమంటుంది, కాలు తీస్తుంది. మళ్లీ దుప్పటి, మళ్లీ అదే కాలు. కింద ఉత్త సిమెంటు నేల. అన్నేళ్లూ ఆ దుకాణానికి వెళ్తున్నా, ఎప్పుడూ ఆమె మొహమే చూశాను కానీ కాలు చూడలేదు. పరుగు ఆగింది. కాలు ఎక్కడ ఆగింది? అసలు మా ఇద్దరి రోజుల్లో విశ్రాంతిగా గడిచింది ఆ పరుగొక్కటేనేమో అని అప్పుడే అనిపించింది.

"ఇలా జరుగు" అన్నాను.

"ఎందుకు?"

"నీకు నేనొక రోజు బాకీ."

ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. పరుగు మొదలెట్టిన కొత్తలో, మొదటిసారి దూరం పరుగెత్తొచ్చి నేను ఆ రోజంతా మంచం దిగలేకపోయాను. అప్పుడు తన దుకాణం మూసేసి మా ఇంటి పనంతా నెత్తినేసుకుంది. ఊడ్చింది, వండింది, పిల్లల్ని బడికి పంపింది. వెళ్తూ గుమ్మంలో నిలబడి, "ఇది సాయమనుకోకు వదినా, అప్పు. ఒక రోజు. కావలసినప్పుడు వసూలు చేసుకుంటా" అంది. ఎప్పుడూ అడగలేదు. నేను ఇస్తానన్నప్పుడల్లా "తర్వాత" అనేది.

"నీకు చేతకాదు వదినా. దుప్పట్లు మాడ్చావంటే ఆ హోటలాయన నన్ను ఇస్త్రీ చేస్తాడు."

"కూర్చుని నేర్పు. నోరు నొప్పి పెట్టలేదుగా?"

మూటల మీద కూర్చోబెట్టి కాలు స్టూలు మీదికెత్తాను. నా మొదటి మడత చూసి, "ఇది దుప్పటా, నలిగిన కాగితమా?" అని తిట్టింది. రెండోదానికి, "మా అన్నయ్య నీతో ఎలా వేగుతున్నాడో!" అంది. మెల్లగా తిట్లు పలచబడ్డాయి. తిరిగి చూస్తే మూట మీదే నిద్రపోయి ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లలా.

ఆ తర్వాత మావారు, వాళ్లాయన, పిల్లలు వంతులు వేసుకుని ఆ యంత్రం తొక్కారు. నొప్పి తగ్గడం చూసి ఫిజియోథెరపిస్టు కూడా సరేనంది. ఆ ఏడు పిచ్చుక గీత దాటింది, బాగా చివర్లో, కుంటకుండా. ఆ ఫొటోలో ఆమె ఒక్కతే ఉంది. ఇప్పుడు మేం నడకకే వెళ్తున్నాం, అదీ ఒకరోజు వెళ్లి ఒకరోజు మాని. కానీ పరుగు మాటొస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సాయంత్రమే.

పొద్దు వాలాక పిచ్చుక మూట మీంచి లేచి, "ఎంతసేపైంది?" అని కంగారుగా అడిగింది. చివరి దుప్పటి మడత పెడుతున్నాను. దొంతర దగ్గరికొచ్చి ఒక్కొక్కటే ఎత్తి చూసింది. రెండు విప్పి మళ్లీ మడిచింది. మిగతావి అలాగే ఉంచింది.

"సరే వదినా, చెల్లు" అంది.

నేను దుకాణం తలుపు కిందికి లాగాను.