కంప చాటు

బడి గోడ వెనక సగం కంపచెట్లు లేవు.

నిన్న సాయంత్రం దాకా మనిషెత్తున దట్టంగా అల్లుకుని ఉన్న సర్కారు కంప, గుంతకల్లు బస్సు దిగి చంద్రిక టీచరు బడికి వచ్చేసరికి సగం నేలమట్టమైంది. మిగతా సగం మీద గొడ్డళ్లు పడుతున్నాయి. కొట్టిన కొమ్మలను లారీకి ఎత్తుతున్నారు. అదంతా బొగ్గుబట్టీకి పోతుంది.

మొదటి ఇంటర్వెల్లులో ఆరో తరగతి పిల్ల ఒకతి రోజూ పోయినట్టే గోడ దాటి పోయింది. అక్కడ మోళ్లే ఉన్నాయి, మిగిలిన కంప దగ్గర కూలీలున్నారు. ఆపుకోలేక ఒక మోడు పక్కన కూర్చుంది. లారీ మీదున్న క్లీనరు ఈల వేశాడు. పిల్ల పావడా తడుపుకుని, ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. పదో తరగతి మల్లీశ్వరి తన ఓణీ తీసి దానికి చుట్టి ఇంటికి పంపింది.

చంద్రిక వరండాలో నిలబడి ఇదంతా చూసింది. బెల్లు కొట్టగానే పుస్తకం తీసుకుని క్లాసుకు పోయింది.

ఆ బడిలో మరుగుదొడ్డి లేదని కాదు. కట్టిన ఏడాదే బోరు ఎండిపోయి దానికి తాళం పడింది. ఇప్పుడు అందులో విరిగిన కుర్చీలున్నాయి. మగ టీచర్లకు రోడ్డు పక్కనే చాలు. చంద్రికకు ఎదురుగా హెడ్మాస్టరుగారి ఇల్లుంది, ఆయన భార్య మంచిది, కాదనదు. ఆడపిల్లలకు మాత్రం ఆ కంప చాటే. వాళ్ల అమ్మలకూ తెల్లారకముందు అదే చాటు.

పదో తరగతిలో ఆ రోజు పాఠం మూత్రపిండాలు. చంద్రిక బోర్డు మీద బొమ్మ గీసింది. పుస్తకంలో ఉన్న మాటే చెప్పింది: "రోజూ నీళ్లు బాగా తాగాలి. లేకపోతే రాళ్లు ఏర్పడతాయి."

ఆడపిల్లల బెంచీల్లో నవ్వు పుట్టింది.

"ఎందుకా నవ్వు?"

మల్లీశ్వరి లేచింది. "తాగి యాడికి పోవల్ల మేడం?"

ఈసారి మగపిల్లలూ నవ్వారు. చంద్రిక మొహం వేడెక్కింది. "కూర్చో. అందరి ముందరా సిగ్గులేదా?"

మల్లీశ్వరి కూర్చోలేదు. "మేం ఇంటికాడ్నుంచే నీళ్లు తాగి రాము మేడం. సంగటి తిని నోరు పుక్కిలిచ్చుకొని వస్తాం. ఇన్నాళ్లు కంపన్నా ఉన్నింది."

"హెడ్మాస్టరుగారితో నేను మాట్లాడతాను. మీరు ఈ సంగతి బయట ఎక్కడా అనొద్దు."

స్టాఫ్‌రూములో హెడ్మాస్టరుతో పాటు మరో నలుగురు మగవాళ్లున్నారు. చంద్రిక తలుపు దగ్గరే ఆగింది.

"సార్, వెనకవైపు చెట్లు కొట్టేస్తున్నారు."

"అవునమ్మా. గ్రౌండు ఎంత పెద్దదైపోయిందో చూసినావా? జన్మభూమి సభ ఇంక మన బడిలోనే."

"పిల్లలకు కొంచెం ఇబ్బందిగా..."

"ఏం ఇబ్బంది?"

నలుగురూ ఆమె వైపు చూశారు. ఒకాయన టీ గ్లాసు దించి మరీ చూశాడు. 

"ఎండ సార్. నీడ పోయింది కదా."

"నీడకేముంది! కంప కొట్టించే కాంట్రాక్టరు సురేంద్ర మన బడికి రెండు ఫ్యాన్లు ఇప్పిస్తానన్నాడు."

"మంచిదే సార్," అంది చంద్రిక.

బయటికి వస్తే స్తంభం దగ్గర మల్లీశ్వరి ఉంది. అంతా విన్నది.

"మేడం, మీరు చెప్పలేదు."

"చెప్పాను కదే."

"చెట్ల సంగతి చెప్పినారు. ఎండ సంగతి చెప్పినారు. మా సంగతి చెప్పలేదు."

ఆ పిల్ల కోపంగా కూడా అనలేదు. చంద్రిక పైట సర్దుకుంటూ నిలబడిపోయింది. నీళ్లు తాగకుండా బడికొచ్చే పిల్లకు సిగ్గులేదా అని అడిగిన నోరే, టీ గ్లాసుల ముందు మూతపడింది. కాంట్రాక్టరు చేతిలో ఉన్నది గొడ్డలి ఒక్కటే కాదు. ఆడవాళ్లు ఈ మాట పైకి అనలేరన్న ధీమా కూడా ఉంది. ఆ ధీమాకు కాపలా కాస్తున్నది ఇన్నాళ్లూ తనలాంటి వాళ్లే.

మధ్యాహ్నం బెల్లు కొడితే ఆడపిల్లల బెంచీలన్నీ ఖాళీ.

గోడ వెనక, మిగిలిన కంపకు అడ్డంగా పిల్లలు కూర్చుని ఉన్నారు. ఎవరు కబురు చెప్పారో, శనక్కాయ చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లు దోకుడుపారలతోనే వచ్చారు. ముందు నిలబడింది మల్లీశ్వరి తల్లి హనుమక్క. ఆమె ఎదురుగా కంప కొట్టే కూలీ లింగన్న, గొడ్డలి భుజాన పెట్టుకుని.

"నేనేం చేయల్లక్కా? కూలికి కొట్టమన్నారు, కొడ్తాండా."

"కొట్టు లింగన్నా, కొట్టు. రేపు తెల్లారి నీ పెండ్లాము యాడికి పోతాదో అది కూడా నువ్వే చెప్పు. నీ నెత్తి మిందికి రమ్మందామా?"

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. లింగన్న పక్కనున్న కూలీలూ నవ్వారు. లింగన్న గొడ్డలి కింద పెట్టి, మోడు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. "నిజమే కదప్పా, నాకూ ఆడబిడ్డ ఉండాది," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. ఒకరొకరుగా గొడ్డళ్లన్నీ కిందికి దిగాయి.

సురేంద్ర లారీ దిగి వచ్చాడు. "ఏమమ్మా, వేలంలో పాడుకున్యా. ఇది మీ నాయన తోటనా?"

"మా నాయనదీ కాదు, మీ నాయనదీ కాదు. వేలం పాడేటప్పుడు మమ్మల్ని అడిగినారా? వానలు పాయె, పంట పాయె. ఈ కంప చాటు కూడా పోవల్లనా మాకు?"

"ముందు మా దొడ్డికి నీళ్లు పెట్టియ్యండి," అని వెనక నుంచి పిల్లలు అరిచారు. "అంతవరకూ ఒక్క కొమ్మ పోనియ్యం!"

సురేంద్ర పోలీసు స్టేషనుకు మనిషిని పంపాడు. పొద్దు వాలకముందే పోలీసు జీపు వచ్చింది. దాని వెనకే హెడ్మాస్టరు, ఆయన పిలిస్తే చంద్రిక.

"లీడరెవరు?" అన్నాడు ఎస్సై.

"ఇదిగో, ఈ మల్లీశ్వరి," హెడ్మాస్టరు వేలు చూపించాడు. "పేరు కొట్టేస్తా సార్. పరీక్షకు ఎట్ల కూర్చుంటుందో చూస్తా."

హనుమక్క కూతురి వైపు చూసింది. వాళ్లింట్లో పదో తరగతి దాకా వచ్చింది ఆ పిల్ల ఒక్కతే. అయినా తల్లి పక్కకు జరగలేదు, కూతురూ జరగలేదు.

"మేడం, మీరు చెప్పండి," అన్నాడు హెడ్మాస్టరు. "బడిలో ఏ సమస్యా లేదు, పిల్లల్ని ఎవరో రెచ్చగొట్టినారు. అంతే కదా?"

మగవాళ్లందరూ ఆమెను చూస్తున్నారు. చంద్రిక హెడ్మాస్టరు వైపు తిరిగింది.

"ఆడపిల్లలు ఒంటేలుకు పోవడానికి చోటు లేదు సార్. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చుంటున్నారు. నెలసరి వస్తే బడి మానేస్తున్నారు. ఆ దొడ్డి తాళం తీసి నీళ్లు పెట్టించండి. మల్లీశ్వరి పేరు కొట్టేస్తే, వీళ్లతో పాటు నేనూ ఇక్కడే కూర్చుంటాను."

ఎస్సై దగ్గాడు. "గవర్నమెంటు ఉద్యోగం చేస్తూ ఏం మాటలమ్మా ఇవి? నీ మీద కూడా రాయాల్సి వస్తాది."

"రాయండి. నేను అన్న మాట కూడా రాయండి."

అప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతి హనుమక్క కొంగు పట్టి లాగి చెవిలో ఏదో చెప్పింది.

"ఇప్పుడేనా పాపా?"

"ఇంగ ఓర్చుకోలేనక్కా."

ఎదురుగా జీపు, లారీ, అంతమంది మగవాళ్లు. హనుమక్క ఒక్క క్షణం చూసింది. తర్వాత చెయ్యి ఊపింది. ఆడవాళ్లు లేచారు, పిల్లలు లేచారు. పాపను మధ్యలో పెట్టి, పాప వైపు వీపులు తిప్పి, చుట్టూ గుండ్రంగా నిలబడ్డారు. మొహాలన్నీ మగవాళ్ల వైపే.

"మేడం, ఈడ సందు ఉండాది," అని మల్లీశ్వరి పిలిచింది.

చంద్రిక వెళ్లి ఆ సందులో నిలబడింది. ఒక పక్క మల్లీశ్వరి చెయ్యి, మరో పక్క మన్ను అంటిన హనుమక్క చెయ్యి. తల దించుకోకుండా ఎదుటివాళ్లను చూసింది. ఎస్సై జీపు టైరు వైపు చూశాడు. హెడ్మాస్టరు కళ్లద్దాలు తీసి తుడిచాడు. సురేంద్ర ఎటు చూడాలో తెలియక ఆకాశం వైపు చూశాడు.

పాప లేచి పావడా సర్దుకున్నా ఆ వలయం విడిపోలేదు.

"రేప్పొద్దున కంప పెరికే మిషన్ తెస్తా," లారీ ఎక్కుతూ అరిచాడు సురేంద్ర. "ఎవరు అడ్డమొస్తారో చూస్తా!"

"తే సామీ, తే," హనుమక్క గట్టిగా బదులిచ్చింది. "తెల్లారకముందే ఎట్లాగూ మేమందరం ఈడనే ఉంటాం కదా!"