మలుపు దగ్గర దీపం

శనివారం సాయంత్రం మలుపు దగ్గరి దీపంలో నూనె పోయడం అర్గిరో పని. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇంట్లో పనులన్నీ ఎలా ఆమెవైపోయాయో ఇదీ అలాగే అయిపోయింది. ఇనుప కాలి మీద నిలబెట్టిన బుల్లి రేకు గుడి, అద్దం తలుపు, లోపల పునీత నెక్తారియోస్ పటం, ఆయన ముందు గాజు గ్లాసులో ఒత్తి. మసి తుడవాలి, పాత నూనె పారబోయాలి, కొత్త ఒత్తి వెయ్యాలి. పిండికట్టు విప్పి ఎన్నాళ్లో కాలేదు, ఎడమ మణికట్టు ఇంకా గ్లాసు బరువు కూడా మొయ్యనంటోంది. అయినా అత్త స్తమాత సీసా నిండా ఆలివ్ నూనె పోసి పంపుతుంది. "స్వామికి తక్కువ చెయ్యకు అమ్మాయీ, మన పాండెలిస్ తల పట్టుకుని కాపాడింది ఆయనే" అంటుంది. కొడుకు ఇక్కడ బండి మీంచి పడి బతికినందుకు మొక్కు మొక్కి ఈ గుడి పెట్టించింది ఆవిడే. చూడవచ్చిన ప్రతివాళ్లకీ కాఫీతో పాటు ఆ మాటా వడ్డిస్తుంది.

సొమ్మొకడిది సోకొకడిది. మొగుడి తల పట్టుకున్నవి అర్గిరో చేతులు.

బండి పడిన రోజు పై ఊళ్లో పాండెలిస్ పినతండ్రి కొడుకు బిడ్డకి బాప్తిస్మం. గొర్రె మాంసం, పాటలు, జగ్గుల కొద్దీ సారా. బయల్దేరేటప్పుడు అతని అడుగులు చూసి, "నేను నడుపుతాను" అంది అర్గిరో. పెళ్లికి ముందు నాన్న రొట్టెల కొట్టు నుంచి బండి మీదా వ్యానులోనూ కొండ ఊళ్లన్నిటికీ రొట్టెలు చేరవేసింది ఆమే. ఆ లైసెన్సు ఇప్పుడు సొరుగులో సూదుల డబ్బా కింద ఉంది. పాండెలిస్ పగలబడి నవ్వాడు. "నీ నడుం పట్టుకుని ఊళ్లోకి రమ్మంటావా? కాఫీ కొట్టు ముందు నుంచే వెళ్లాలే! చచ్చేదాకా ఏడిపిస్తారు నన్ను." ఆమె వెనక కూర్చుంది. ఇంట్లో ఉన్న ఒక్క హెల్మెట్ అతని మోచేతికి వేలాడుతోంది. ఆ ఊరి మగాళ్లందరికీ అదే దాని చోటు.

మలుపులో కంకర మీద బండి జారింది. అర్గిరో ఎడమ చేతి మీద పడింది. అతని మోచేతికి గీత కూడా పడలేదు. అతను మాత్రం రోడ్డు మధ్య ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నాడు. అర్గిరోకి ఏడుపు రాలేదు, ఎందుకు రాలేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. ముందు బండి తాళం తిప్పి ఇంజను ఆపింది, పెట్రోలు కారుతోంది. ఎర్ర శాలువా తీసి పై నుంచి వచ్చే బళ్లకి కనబడేలా రోడ్డు మొదట్లో పరిచింది. అంబులెన్సుకి ఫోన్ చేసింది. అప్పుడే ట్రక్కులో వచ్చిన ఇద్దరు మనుషులు దిగి, "ఎత్తండి, ట్రక్కులో పడేసి ఆస్పత్రికి తీసుకుపోదాం" అని అతని చంకల్లో చేతులు పెట్టబోయారు.

"ముట్టుకోకండి!" అని అరిచింది. అంత గొంతు తనకుందని తనకే తెలియదు. "మెడ విరిగిందో ఏమో! వాళ్లొచ్చేదాకా ఎవరూ కదపడానికి వీల్లేదు."

"పిచ్చెక్కినట్టుంది దీనికి" అన్నాడొకడు.

మోకాళ్ల మీద కూర్చుని రెండు అరచేతుల మధ్య అతని తల కదలకుండా పట్టుకుంది. లైసెన్సు తరగతిలో ముసలి మాస్టారు నేర్పినది అంతే: పడ్డవాణ్ణి లేపకు, తల కదలనివ్వకు. అంబులెన్సు వచ్చేసరికి ఆమె ఎడమ మణికట్టు రొట్టెలా ఉబ్బింది. మధ్యలో పాండెలిస్ కళ్లు తెరిచాడు. "బండికేమైంది?" అని అడిగాడు. కదిపి ఉంటే మంచం దిగేవాడు కాదని డాక్టరు చెప్పినప్పుడు స్తమాత గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని పునీతుడికి దణ్ణం పెట్టింది. కోడలి చెయ్యి వైపు చూడలేదు. మెడకి పట్టీతో ఇంటికొచ్చిన పాండెలిస్ కాఫీ కొట్టులో, "మలుపులో మా ఆవిడ అటు ఒరిగింది, అందుకే జారింది" అని చెప్పుకుంటున్నాడు. అదీ విన్నది, మింగింది.

మింగలేనిది నిన్న రాత్రి భోజనం దగ్గర వచ్చింది. సోమవారం ఇద్దరూ పట్నం వచ్చి వాంగ్మూలం ఇవ్వాలని పోలీసుల కబురు.

"ఆస్పత్రిలో నా రక్తం తీశారు. తాగినట్టు తేలింది" అన్నాడు పాండెలిస్, చిక్కుడుగింజల చారులో రొట్టె ముంచుతూ. "కానీ నడిపింది ఎవరో వాళ్లకి తెలీదు. నువ్వే నడిపావని చెప్పు. నువ్వు తాగలేదు, లైసెన్సుంది. నీకేం పోతుంది?"

"వాడి లైసెన్సు పోతే వాడు కూరగాయలమ్మే వ్యాను ఆగిపోతుంది" అంది స్తమాత. "నువ్వు తినే ముద్ద కూడా అందులోదే. ఒక్క మాట అమ్మాయీ. సంసారం నిలబెట్టేది ఆడదే."

ఇప్పుడు గ్లాసు తుడుస్తూ ఆ ఒక్క మాట గురించే ఆలోచిస్తోంది. పదకొండేళ్లుగా ముందు కూర్చోనివ్వలేదు. ఇప్పుడు కేసొచ్చేసరికి ముందు సీటు ఖాళీ అయింది. అబద్ధం చెబితే రేపటి నుంచి తను మొగుణ్ణి చంపబోయిన ఆడది, ఆ మొగుణ్ణి కాపాడింది పటంలో ఉన్నాయన. తన చేతులు ఎక్కడా ఉండవు. నిజం చెబితే వ్యాను ఆగిపోతుంది, ఇల్లెలా గడుస్తుంది? భయమేసింది. కొత్త ఒత్తి వేస్తుంటే ఉన్నట్టుండి ఒక మాట తట్టింది. వ్యాను నడపడం తనకి రాదా? ఆ మాట మొగుడికీ అత్తకీ తట్టలేదంటే సరే, ఇన్ని రోజులూ తనకి కూడా తట్టలేదు. సిగ్గేసింది. ఒత్తి వెలిగించి, పునీతుడితో "ఏమనుకోకు, నీ తప్పేం లేదు" అంది.

సోమవారం పొద్దున పట్నం బస్సు వేళకి ఇంకా టైముంది. అర్గిరో కొట్టంలోకి వెళ్లి, బాగుచేయించి పెట్టిన బండి మీద దుప్పటి లాగేసింది. ఊరంతా బాతుపిల్ల అని పిలిచే చిన్న బండి, క్లచ్ లేదు, గేర్లన్నీ కాలితోనే, ఎడమ చేతికి పెద్ద పని లేదు. హెల్మెట్ తలకి పెట్టుకుని పట్టీ బిగించింది. ఇంజను చప్పుడుకి కోళ్లు చెదిరాయి. కోళ్ల వెనకాలే స్తమాత పరిగెత్తుకొచ్చింది.

"దిగు! ఊరంతా చూస్తోంది! ఆడది బండి ముందు కూర్చోవడమేమిటి?"

"మొన్న మీరే కదా అత్తయ్యా, ముందు కూర్చోమని బతిమాలారు?"

పాండెలిస్ పట్టీ కట్టిన మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఒసేయ్, వ్యాను సంగతి ఆలోచించు."

"ఆలోచించాను. రేపటి నుంచి వ్యాను నేను నడుపుతాను. నువ్వు తూకం చూసుకో."

"మరి అక్కడ ఏం చెప్తావు?"

"ఆ రోజు వెనక కూర్చున్నానని చెప్తాను" అంది అర్గిరో, గేరు వేస్తూ. "ఇవాళ ఎలా వచ్చావని అడిగితే, నేనే నడుపుకుంటూ వచ్చానని చెప్తాను."