పదిహేడో ప్రశ్న

ఆసుపత్రిలో కాన్పులు ఎలా జరుగుతాయో చూసి రమ్మని 1964లో మద్రాసు కాలేజీ వాళ్లు వెంకటశేషమ్మను నెల్లూరు పంపారు. అంకెలు అక్కర్లేదు, ఎవరు ఏం చేస్తారో, ఏమంటారో ఉన్నదున్నట్టు రాసుకురమ్మన్నారు. వాళ్లిచ్చిన ప్రశ్నలు పదహారు. పదిహేడోది ఆమె సొంతంగా చేర్చుకుంది. చచ్చి పుట్టిన బిడ్డను ఏం చేస్తారు?

ఏడేళ్ల కిందట ఇందుకూరుపేట నుంచి ఎద్దుల బండిలో వచ్చి ఆమె ఈ ఆసుపత్రి కాన్పుల వార్డులోనే చచ్చిన బిడ్డను కన్నది. తల్లి చూస్తే దిగులు పట్టుకుంటుందని, అలాంటి బిడ్డను చూపించకుండానే తీసుకుపోవడం అక్కడి ఆనవాయితీ. ఆడో మగో చెప్పమని బతిమాలితే అత్తగారు, "మరిచిపోమ్మా" అంది. చెప్పేవాళ్లకేం, ఎన్నైనా చెబుతారు. మళ్లీ కడుపు పండలేదు. భర్తతో మద్రాసు పోయింది, చదువులో పడింది. అయినా ఆ ముఖం ఒక్కసారి చూడలేదే అన్న బెంగ మాత్రం తీరలేదు.

మూడు వారాలు వార్డులో బల్ల మీద కూర్చుని రాసింది. కాన్పులన్నీ తామే చేస్తామని డాక్టరమ్మ చెప్పింది. డాక్టరమ్మ వచ్చేసరికి ఆయా బడేబీ బిడ్డకు నీళ్లు కూడా పోసేసి ఉండేది. అదీ రాసుకుంది. పదిహేడో ప్రశ్న దగ్గర మాత్రం రోజూ కలం ఆగిపోయేది.

చివరి రోజు మధ్యాహ్నం బడేబీ ఉతికిన గుడ్డలు మడత పెడుతుంటే పక్కన కూర్చుంది. పదహారూ అడిగింది. పదిహేడోది గొంతు దాటలేదు. కాగితాలు సర్దుకుని లేవబోయింది.

"కూచో తల్లీ. అడగాల్సింది అడక్కుండానే పోతావా?" అంటూ బడేబీ గాజులు పైకి తోసి ముంజేయి చూపింది. అక్కడ పళ్ల గాట్ల మచ్చ. "నొప్పులకు ఓర్చుకోలేక నువ్వు కొరికిందే. వచ్చినరోజే గుర్తుపట్టినాను. ఎప్పుడడుగుతావా అని చూస్తా ఉండాను."

వెంకటశేషమ్మ కాగితాలు పక్కన పెట్టి మళ్లీ కూర్చుంది.

"ఆడబిడ్డ. తలనిండా జుట్టు. గడ్డాన నీకుండే నొక్కే దానికీ. మీవాళ్లు వచ్చిందాకా ఒళ్లోనే పెట్టుకోనుండాను. బుగ్గన కాటుక చుక్క పెట్టినాను. చచ్చిన బిడ్డకు దిష్టేందని నర్సమ్మలు నవ్వినారు. తల్లి చూళ్లేదు గదా, నేనన్నా ముద్దు చేద్దామని పెట్టినాను."

వెంకటశేషమ్మ ఆ మచ్చ ఉన్న చేతిని రెండు చేతులా పట్టుకుంది. ఏడేళ్ల ఏడుపు అప్పుడొచ్చింది. చాలాసేపటికి అడిగింది.

"ఏ బుగ్గన పెట్టినావవ్వా?"

బడేబీ చూపుడువేలు చాచి, తడిసిన ఆమె ఎడమ బుగ్గ మీద ఆనించింది.

"ఇక్కడ."