గడ్డి మడి చుట్టూ దారం

తెల్లారి చూసేసరికి అశ్విని మడిలో గడ్డంతా ఎవరో వేళ్లతో సహా పీకిపారేశారు.

బడి వెనుక వాలులో సైన్సు టీచర్ గోదావరి పిల్లలచేత రెండు మడులు చేయించింది. గడ్డి మడి అశ్వినిది, బోడి మడి మనీషాది. వానకు ఏ మడి మట్టి ఎంత కొట్టుకుపోతుందో కింది సీసాల్లో చూడాలి. మొన్నటి వానకు అశ్విని సీసాలో తేటనీళ్లు, మనీషా సీసాలో బురద. ప్రయోగానికి రెండూ కావాలి. చప్పట్లు మాత్రం తేటనీళ్లకే పడ్డాయి. బురద పొరలు పొరలుగా పేరుకోవడం ఒక్క మనీషాయే చూసింది. సోమవారం చెరువుగట్టున అలాంటి పొరలే చూపిస్తానంది టీచర్. అప్పటినుంచి ఆ పిల్లకు అదే ధ్యాస.

"కడుపుమంటతోని నువ్వే పీకినవ్!" అంది అశ్విని.

"నీ గడ్డి పీకనీకె నేనేమన్న మేకనా?"

అందరూ నవ్వారు, టీచర్ తప్ప. 'నీ గడ్డి ఎండిపోను' అని మనీషా నిన్న తిట్టడం ఆమే విన్నది.

"నిజం తేలేదాక చెరువు కాడికి నువ్వు రావు మనీషా."

మనీషా వెళ్లి అశ్విని మడి దగ్గర కూలబడింది. చుట్టూ కట్టిన నూలుదారం ఒకచోట తెగి, మళ్లీ అతికి ఉంది. చిన్న ముడి. కొసలు పళ్లతో కొరికినట్టున్నాయి. దొంగ అన్నవాడు దారం తెగితే వదిలేసి పారిపోతాడు. తెగిన పోగును చూసి ఊరుకోలేనివి బట్ట నేసే సాంచాలు నడిపే చేతులే. వాళ్ల ఊరు భవాని పేట్ నిండా అవే చేతులు. కానీ ఈ ముడి ఎడమకు తిరిగింది. ఎడమచేతి వాటం ముడి.

మనీషా ముడిని తెంపుకుని ఇంటికి పరుగెత్తింది.

తండ్రి రాములు ఎడమచేత్తో చాయ్ తాగుతున్నాడు.

"బాపూ, ఈ ముడి ఎవలు ఏసిన్రు? నేనే గడ్డి పీకిన్నని నన్ను చెరువుకు రానిస్తలేరు."

రాములు చాయ్ కింద పెట్టాడు. ముడిని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"నేనే పీకిన బిడ్డా. నీ కోసం అని అబద్ధం చెప్ప. అశ్విని నాయిన సందీప్, నేను ఒక్కపారే సాంచ మీద పనికి చేరినం. ఇయ్యాల వాడు నా మీద పెత్తనం చేసే ముకాదం. 'నా బిడ్డ సీసల తేటనీళ్లు, రాములు బిడ్డ సీసల బురద' అని చాయ్ హోటల్ల అందరి ముంగట నవ్విండు. కడుపు కాలింది. పీకిన. మల్లి చూస్తె దారం తెగి ఉన్నది... చేతులు ఆగలె. నడువ్, టీచరమ్మకు నేనే చెప్త."